రాజు సంగతి సరే, మనల్ని అడిగిందెవరు?

(మెదక్ పట్టణంలో విద్యార్థులు, ఉద్యోగులు, రిటైర్డ్ టీచర్లు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన మెదక్‌ల ఎన్నడూ ఒడవని ముచ్చట ఒకటున్నది. చర్చి గోపురం కనబడే ఏ చాయ్ హోటల్ల నలుగురు జమైనా ఆ ముచ్చట లేస్తది. నిజాం మంచోడా, చెడ్డోడా?

ఒకాయన అంటడు: "ఘనపురం ఆనకట్ట ఎవరి కాలంల కట్టిండ్రు? 1905ల, ఆరో నిజాం కాలంల. మహబూబ్ నహర్ అని కాలువకు ఆ పేరు ఉట్టిగనే వచ్చిందా?" పక్కాయన ఊకోడు: "నీళ్లు సరే. మా తాత దొర గడీల వెట్టి చేసిండు. కూలి అడిగితే కొరడా చూపెట్టిండ్రు. రజాకార్లను మర్సినవా?" చాయ్ చల్లారుతది గాని ముచ్చట చల్లారది.

ఇద్దరు చెప్పేదీ నిజమే. కాలువ నిజం, కొరడా నిజం. అయితే ఈ పంచాయితీని మన మీదికి ఆయుధం చేసుకున్నోళ్లున్నరు. ఉద్యమం నడిచినన్ని రోజులు మన వ్యతిరేకులు ఒకటే పాట పాడిండ్రు: తెలంగాణ వస్తే నిజాం రాజ్యం మళ్లొస్తదని. మనం నీళ్లు, నిధులు, నియామకాల లెక్క అడిగితే వాళ్లు రాజు బొమ్మ చూపెట్టిండ్రు. ఆ బొమ్మకు జవాబు చెప్పుకుంటనే మన సభలు సగం ఒడిసినయి.

అందుకే ఇయ్యాల ఒక్క మాట తేల్చుకుందాం. రాజు ఎసొంటోడన్నది ఒక ప్రశ్న. మన రాష్ట్రం మనకుండాల్నా అన్నది ఇంకొక ప్రశ్న. ఈ రెంటినీ కలిపి కట్టినప్పుడల్లా నష్టపోయింది ఓటరే.

ఒకే రోజు రెండూ పోయినయి

1948 సెప్టెంబర్ 17న నిజాం రాజ్యం పోయింది. రాజు మాత్రం పోలేదు. 1950 జనవరి 26 నుంచి ఏడో నిజామే హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్. 1952ల మన పెద్దలు మొదటిసారి ఓట్లేసిండ్రు. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయిండు. పైన ఉత్త కుర్చీల రాజు, కింద ఓట్లతో వచ్చిన సర్కారు. ఆ ఏర్పాటు 1956 అక్టోబర్ 31 దాకా నడిచింది.

తెల్లారి నవంబర్ 1. రాజప్రముఖ్ పదవి పోయింది, హైదరాబాద్ రాష్ట్రమూ పోయింది. రాజు పదవి పోయినందుకు మనం ఏడ్వలేదు. పోవాల్సిందే. మరి రాష్ట్రం ఎందుకు పోవాలె? మైసూరును చూడుండ్రి. అక్కడా మహారాజే రాజప్రముఖ్. 1956ల ఆయన గవర్నరయిండు, రాష్ట్రం ఇంకింత పెద్దగయింది. రాజు ఉంటడా పోతడా అన్నదానికీ రాష్ట్రం ఉంటదా పోతదా అన్నదానికీ సంబంధం లేదని దీన్నిబట్టే తెలుస్తది.

1955 సెప్టెంబర్ 30న ఫజల్ అలీ కమిషన్ ఇచ్చిన నివేదికల ఏమున్నది? తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రం పేరుతోని విడిగ ఉంచుండ్రి, 1961 ప్రాంతంల జరిగే ఎన్నికల తర్వాత ఆ శాసనసభల మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే ఆంధ్రతోని కలుపుండ్రి అన్నది. అంటే, ఓటరును ఇంకోసారి అడిగి కలుపుండ్రి అన్నట్టే. ఆ 1961 దాకా ఆగలేదు. 1956 ఫిబ్రవరిల ఢిల్లీల పెద్దమనుషులు కూసొని ఒప్పందం రాసుకున్నరు. పెద్దమనుషులను అడిగిండ్రు. చిన్నమనుషులను అడగలేదు.

ఉద్యోగులున్నరు గనుక ముల్కీ ముచ్చట చెప్పాలె. అది 1919ల రాజు ఇచ్చిన ఫర్మానా. రాజు పోయినా దాని ప్రాణం పోలేదు. 1972 అక్టోబర్ల సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతయన్నది. ఏడాది తిరక్కముందే ఆరు సూత్రాలు వచ్చినయి, ముల్కీ పోయింది. రాజు ఫర్మానా మీద మనకు మోజు లేదు. కానీ దాన్ని తీసేసినోళ్లు ఓట్లతో వచ్చినోళ్లే గదా! కిరీటం లేనంత మాత్రాన ప్రజల మాట ఇన్నట్టు కాదు.

స్కాట్లండ్‌ల ఏమైంది?

ఇసొంటి ముచ్చటే దూరదేశంల గూడ నడిచింది. స్కాట్లండ్ రాజు 1603ల ఇంగ్లండ్‌కు గూడ రాజయి లండన్‌కు పోయిండు. అయినా వందేండ్ల పైన వాళ్ల పార్లమెంటు వాళ్లకే ఉండె. 1707ల అది గూడ లండన్ పార్లమెంటుల కలిసింది. జనం వద్దని వీధులల్లకొచ్చినా ఆపలేదు. 1999 దాకా వాళ్లకు మళ్ల పార్లమెంటు రాలేదు.

మన రాష్ట్రం వచ్చిన 2014లనే, మూడున్నర నెలల తర్వాత, సెప్టెంబర్ 18న అక్కడ ఓటు పెట్టిండ్రు. ప్రశ్న ఒక్కటే: స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాల్నా? అవునా, కాదా? పదహారేండ్ల పిల్లలకు గూడ ఓటిచ్చిండ్రు.

మరి రాణి సంగతి? స్వాతంత్య్రం అడిగిన స్కాటిష్ నేషనల్ పార్టీయే, దేశం వేరైనా రాణి రాణిగనే ఉంటదన్నది. అదే పక్కన నిలబడ్డ గ్రీన్లు, సోషలిస్టులు రాణి వద్దన్నరు. ముందు దేశం తెచ్చుకుందాం, రాణి సంగతి తర్వాత ఓటుతోనే తేల్చుకుందాం అన్నోళ్లున్నరు. ఓటుకు నాలుగు రోజుల ముందు రాణి గూడ చర్చి ముందర నిలబడి, జనం భవిష్యత్తు గురించి బాగా ఆలోచించుకుంటరని అనుకుంటున్న అన్నది. ఆ ఒక్క మాటకు ఎన్ని అర్థాలు తీసిండ్రో!

కానీ చూడుండ్రి, రాణి ప్రశ్న ఆ ఓటును మింగలేదు. జనం దాన్ని పక్కన పెట్టుకోని అసలు ప్రశ్నకు జవాబిచ్చిండ్రు. నూటికి 84 మందికి పైగా ఓటేసిండ్రు. 16 లక్షల పైచిలుకు అవునన్నరు, 20 లక్షల పైచిలుకు కాదన్నరు. ఓడినోళ్లు బాధపడ్డరు. కానీ మమ్మల్ని అడగనే లేదు అనే మాట వాళ్లకు లేదు. మనకు 1956 నుంచి ఉన్న గాయం అదే.

అక్కడ అంత మంచిగున్నదని కాదు. మళ్ల ఓటు పెట్టుకుంటమంటే, లండన్ ఒప్పుకోకుంట పెట్టరాదని 2022 నవంబర్ల అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అడిగే తాళంచెవి అక్కడ గూడ ఢిల్లీ అసొంటి చోటనే ఉన్నది.

మెదక్ ఓటరు చెప్పిండు

మనల్ని ఎవరూ సూటిగ అడగలేదు. అయినా మనం చెప్పినం. 1971ల తెలంగాణల 14 లోక్‌సభ సీట్లుంటే 10 ప్రజా సమితి గెలిచింది. మన మెదక్ గూడ ప్రజా సమితినే గెలిపించింది. అంతకన్న పెద్ద జవాబేముంటది? అదే ఏడాది ఆ పార్టీ కాంగ్రెస్‌ల కలిసింది. ఓటరును మళ్ల అడగలేదు.

ఇంకొక తమాషా. ఇందిరాగాంధీ రాజుల భరణాలు రద్దు చేసింది గూడ ఆ 1971లనే. తొమ్మిదేండ్లకు, 1980ల, ఆమెనే మనం మెదక్ నుంచి గెలిపించినం. రాజభరణాలు తీసేసిన మనిషిని మనం రాణి లెక్క చూసినం. పోయిన రాజుల మీద కొట్లాడుకుంట కొత్త రాజులను మనమే తయారు చేసుకుంటమన్నదానికి ఇంతకంటే సాక్ష్యం వద్దు.

2014ల రాష్ట్రం ఎట్లొచ్చింది? ఆంధ్రప్రదేశ్ శాసనసభ జనవరిల బిల్లు వద్దన్నది. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం ఆ మాటకు పార్లమెంటు కట్టుబడనవసరం లేదు. ఫిబ్రవరిల బిల్లు పాసయింది, జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 1956ల మనల్ని ముంచిన పద్ధతే 2014ల ఒడ్డుకు చేర్చింది. మనకు లాభమైంది గనుక ఆ పద్ధతి సంగతి మనం మాట్లాడలేదు. మాట్లాడాలె.

మా తప్పు గూడ ఒప్పుకుంటం

ఉద్యమ రోజులల్ల మేము ఊరూరు తిరిగినం. ఒక ఊర్ల ఒక ముసలాయన లేసి, వాళ్ల నాయిన చేసిన వెట్టి సంగతి చెప్పబోయిండు. "పెద్దయ్యా, ఇప్పుడు ఆ ముచ్చట వద్దు, వ్యతిరేకులకు సందు దొరుకుతది" అని మేమే కూసోబెట్టినం. ఇంకొక కాడ ఒక ముస్లిం తమ్ముడు, పోలీస్ చర్య తర్వాత వాళ్లింట్ల జరిగింది చెప్పబోతే గూడ అదే మాటన్నం. రాజు తప్పుకు ఆటో నడిపేటాయన ఎందుకు జవాబు చెప్పాలె? దొర తప్పును మనం ఎందుకు దాయాలె? ఇద్దరి నోర్లు మూసింది మేమే. ఆ ముసలాయన మొఖం ఇయ్యాల్టికీ యాదికొస్తది.

రాష్ట్రమొచ్చినంక గూడ సెప్టెంబర్ 17కు పేరు కుదరలేదు. 2022ల రాష్ట్ర సర్కారు జాతీయ సమైక్యతా దినం అన్నది, కేంద్రం విమోచన అన్నది. 2024ల ప్రజాపాలన దినోత్సవం అన్నరు. ఏ పేరు పెట్టాల్నో ఆ ముసలాయననూ అడగలేదు, ఆ తమ్ముణ్నీ అడగలేదు.

విద్యార్థి మిత్రులారా, ఒక్క పని చేయుండ్రి. మీ తాతలు, అమ్మమ్మలు బతికుంటే రాసుకోండ్రి. కాలువ ముచ్చట రాయండ్రి, కొరడా ముచ్చట రాయండ్రి. ఉద్యోగులారా, గ్రామసభల సంతకాలు ముందు తీసుకోని సభ తర్వాత పెట్టే అలవాటును ఆపుండ్రి. 1956 కథ అక్కడ్నే మళ్ల మొదలైతది.

చాయ్ హోటల్ల నిజాం ముచ్చట నడవనీయండ్రి. మంచిదే. కానీ లేసేముందు ఆ ఇంకొక ప్రశ్న గూడ అడుగుండ్రి: ఇయ్యాల మన గురించి నిర్ణయం ఎవరు చేస్తున్నరు, మనల్ని అడిగిండ్రా?

జై తెలంగాణ!