ఏ చేత్తో చూశావు?

స్నాతకోత్సవ వేదిక మీదికి శాస్త్రవేత్తల్నో కంపెనీ అధిపతుల్నో పిలవడం రివాజు. నేను వైమానిక దళంలో ఎయిర్‌మన్‌గా చేరి, మాస్టర్ వారంట్ ఆఫీసర్‌గా పదవీ విరమణ చేసిన ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని. ఈ గౌను తొడుక్కోవడం నాకూ ఇవాళే మొదటిసారి. మీకు ఉక్కపోస్తోందంటే నాకూ పోస్తోంది. కాబట్టి మర్యాదలు పక్కన పెడదాం.

మాది శ్రీకాకుళం జిల్లా. ఇంటర్ అయిపోగానే దళంలో చేరాను, తాంబరంలో పని నేర్చుకున్నాను. మా ఊళ్ళో అందరూ నేను విమానం నడుపుతాననుకునేవారు. కాదమ్మా, బాగుచేస్తానంతే అంటే మా అమ్మకి కోపం. ఆవిడ చివరిదాకా చుట్టాలకి ఆ మాట చెప్పనివ్వలేదు.

ముందు ఏఎన్-32 రవాణా విమానాల మీద పనిచేశాను. 2011 ఫిబ్రవరిలో మొదటి సీ-130జే హెర్క్యులిస్ విమానం హిండన్ స్థావరానికి వచ్చింది. దాంతో 77వ స్క్వాడ్రన్ మొదలైంది. ప్రత్యేక దళాలను రాత్రిపూట, దీపాల్లేని చోట, సరైన రన్‌వే కూడా లేని చోట దింపి తిరిగి తీసుకురావడం దాని పని. ఆ విమానాల్ని సిద్ధం చేసే గుంపులో నేనొకణ్ణి. ఎక్కడికి వెళ్తుందని అడిగే అలవాటు మాకు లేదు. ఎన్ని గంటలకి బయల్దేరాలి, ఎంత ఇంధనం, వెనక ర్యాంపు గాల్లో తెరుస్తారా, ఇవి చెబితే మాకు చాలు. ఎక్కడికెళ్ళిందో చాలాసార్లు మర్నాడు మెస్సులో టీవీ చూసి తెలుసుకునేవాళ్ళం. కొన్నిసార్లు అదీ లేదు.

మీకు కొత్తగా అనిపించే సంగతి ఒకటి చెప్తాను. రాత్రి పని చేసే విమానానికి వెలుగు శత్రువు. పైలట్లు నైట్ విజన్ గాగుల్స్ పెట్టుకుంటారు. వాటిలోంచి చూస్తే ఎక్కడో మూల మిణుకుమనే ఎర్రటి చిన్న బల్బు కూడా కళ్ళముందు మంటలా కనిపిస్తుంది. అందుకని హ్యాంగర్ తలుపులు మూసి, దీపాలన్నీ ఆర్పి, కాక్‌పిట్‌లో కూర్చుని ఎక్కడ వెలుగు కారుతోందో వెతికేవాళ్ళం. పగలు వెయ్యిసార్లు చూసినా దొరకనిది చీకట్లో దొరికేది. ఇక కచ్చా నేలమీద దిగి వచ్చిన విమానానికైతే పొట్ట కింద పడుకుని అంగుళం అంగుళం తడమాలి. చక్రాలు ఎగజిమ్మిన రాళ్ళు యాంటెన్నాకి తగిలాయా, ప్రొపెల్లర్ అంచున గంటు పెట్టాయా అని. ఒక్కో ఇంజిన్‌కి ఆరేసి రెక్కలు, నాలుగు ఇంజిన్లు. లెక్క మీరే వేసుకోండి, ఇంజినీర్లు కదా.

నాకు పని నేర్పిన వారంట్ ఆఫీసర్ ఒకాయన ఉండేవారు. నట్లు సడలకుండా వాటికి లాకింగ్ వైర్ కడతాం. జడ అల్లినట్టు రెండు పోగులు మెలిపెట్టి, నట్టు బిగిసే వైపుకే లాగేలా కట్టాలి. ఓ రోజు కంటికి ఆనని మూలన ఉన్న వైరు గురించి అడిగారు, చూశావా అని. చూశాను సర్ అన్నాను. "కిస్ హాథ్ సే దేఖా?" అన్నారు. ఏ చేత్తో చూశావు? ఆ మూలకి కన్ను పోదు, చూడాల్సింది వేళ్ళతోనే. నేను కుడి చెయ్యి చూపించాను. వేలికి వైరు మొన గీరిన రక్తపు చార ఉంది. ఆయన తలూపి వెళ్ళిపోయారు. ఆయన దగ్గర నేను పొందిన పట్టా అదే. దానికి ఫొటోగ్రాఫర్ రాలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పొద్దున ఇక్కడికి వచ్చాక గంటసేపు ఖాళీ దొరికితే మీ మెకానికల్ ల్యాబులు చూశాను. ఉత్సాహం ఆగక మీ రికార్డులు కూడా తిరగేశాను. ప్రొఫెసర్ గారు వద్దనలేదు, పాపం ఆయనకేం తెలుసు. బాబూ, అమ్మా, స్ప్రింగు పరీక్షలో మీ అందరికీ ఒకే రీడింగులు ఎలా వచ్చాయి? దశాంశ స్థానాలతో సహా! ఒకరు స్పెల్లింగ్ తప్పు రాస్తే ఆ తప్పు వరసగా తొమ్మిది పుస్తకాల్లో ఉంది. ఫిజిక్స్ రికార్డుల్లో గురుత్వ త్వరణం ఎవరిది చూసినా 9.81. న్యూటన్ వచ్చి మీ ల్యాబులో లోలకం ఊపినా అంత కచ్చితంగా రాదు. నవ్వుతున్నారు, నవ్వండి. నేను కూడా అక్కడే నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది.

ఎందుకంటే మా దగ్గర ఫారం 700 అని ఒక పుస్తకం ఉంటుంది. విమానం ఒంట్లో ఏం జరిగిందో, ఎవరు ఏ పని చేశారో, ఎవరు సరిచూశారో అందులో రాసి సంతకం పెట్టాలి. పైలట్ వచ్చి ఆ పుస్తకం చదివి, తనూ సంతకం పెట్టి విమానం తీసుకుంటాడు. నేను బిగించిన నట్టును ఆయన విప్పి చూడడు. నా సంతకాన్నే చూస్తాడు. ఫ్లైట్ కంట్రోల్స్ లాంటి వాటికి నా పని చాలదు, ఇంకొకరు విడిగా వచ్చి చూడాలి. ఆ ఇంకొకరు 'నువ్వు చేశావుగా, సరిగ్గానే ఉంటుందిలే' అని స్నేహం కొద్దీ సంతకం పెట్టారనుకోండి, రెండు సంతకాలున్నా చూసిన మనిషి ఒక్కడే.

1980 ఏప్రిల్ 24 రాత్రి సంగతి చెప్తాను. టెహ్రాన్‌లో బందీలుగా ఉన్న తమవాళ్ళను విడిపించడానికి అమెరికా దళాలు ఇరాన్ ఎడారిలోకి వెళ్ళాయి. నిమిట్జ్ నౌక నుంచి ఆర్‌హెచ్-53డి హెలికాప్టర్లు ఎనిమిది లేచాయి. పనికి కనీసం ఆరు కావాలి. ఆ హెలికాప్టర్ రెక్కల లోపల ఒత్తిడితో నైట్రోజన్ నింపి ఉంచుతారు. ఎక్కడైనా చీలిక వస్తే ఒత్తిడి పడిపోయి హెచ్చరిక వస్తుంది. ఒకదానిలో ఆ హెచ్చరిక వచ్చింది. దిగి చూసి, దాన్ని ఎడారిలోనే వదిలేశారు. ఇంకొకటి దుమ్ము తుపానులో పరికరాలు చెడి వెనక్కి మళ్ళింది. మూడోదానికి దారిలోనే హైడ్రాలిక్ పంపు పోయింది, ఎడారిలో దిగాక చూస్తే బాగుచేయడం కుదరలేదు. మిగిలినవి అయిదు. అక్కడికి ఆపేద్దామన్నారు. తిరిగి బయల్దేరే ముందు ఒక హెలికాప్టర్ అక్కడే ఉన్న వాళ్ళ హెర్క్యులిస్‌ విమానాన్ని ఢీకొని ఎనిమిది మంది చనిపోయారు. శత్రువు ఒక్క తూటా పేల్చలేదు. ఆ రాత్రి తర్వాత మొదలైన మార్పుల వల్లే 1987లో అమెరికా ప్రత్యేక దళాలన్నీ ఒక కమాండ్ కిందికి వచ్చాయి.

అక్కడి మెకానిక్‌లను నేను తప్పుపట్టను. నేను చెప్పేది వేరు. ఏ దేశంలోనైనా పెద్దలు ఎనిమిది చాలా, పదకొండు కావాలా అని లెక్కేసేటప్పుడు వాళ్ళ ముందు ఉండేది మా పుస్తకాలే. ఏ భాగం ఎన్ని గంటలకి చెడింది, ఏ హెచ్చరిక ఎన్నిసార్లు వచ్చిందన్నది మేం రాసిందాన్ని బట్టే. నిన్నటి రాత్రి వచ్చిన చిన్న లోపాన్ని, పొద్దున మళ్ళీ కనబడలేదు కదా అని రాయకుండా వదిలేస్తే, ఆ పుస్తకం చూడముచ్చటగా ఉంటుంది. మీ రికార్డులంత చూడముచ్చటగా.

కోప్పడుతున్నానని అనుకోకండి. కోప్పడుతున్నాను, కానీ ఇష్టంగా.

సాకెట్టు కథ ఒకటి చెప్పాలి. ఓ అర్ధరాత్రి పని ముగించాక ఒక కుర్ర కార్పొరల్ టూల్ బోర్డు చూసి, ఒక సాకెట్ తక్కువుందన్నాడు. బోర్డు మీద ప్రతి పనిముట్టుకూ దాని ఆకారం గీసి ఉంటుంది. ఖాళీగా ఉన్న ఆకారం ఎవరికైనా కనిపిస్తుంది. పనిముట్టు దొరికేదాకా విమానం కదలకూడదు, అది నియమం. ప్రయాణం ఆగిపోయింది. పానెళ్ళన్నీ విప్పాం. తెల్లారాక అది పవర్ ట్రాలీ కింద దొరికింది, విమానంలో అసలు లేనే లేదు. పైలట్లు ఒక్కమాట అనలేదు. ఆ కుర్రాణ్ణి తిట్టింది మేమే, నిద్ర చెడిందని. రెండు రోజులు ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. అతను మాత్రం ఆ తర్వాత కూడా బోర్డు అలాగే చూసేవాడు, అదే గొంతుతో చెప్పేవాడు. నిజం రాసినవాణ్ణి మీ ఆఫీసులోనూ రెండు రోజులు వెలేస్తారు. టీ ఒక్కరే తాగాల్సి వస్తుంది, సిద్ధంగా ఉండండి.

ఆ పుస్తకాన్ని నమ్ముకుని విమానాలు ఎక్కడెక్కడ దిగుతాయో వినండి. 2013 ఆగస్టు 20న మా స్క్వాడ్రన్ హెర్క్యులిస్ లద్దాఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో దిగింది. 16,614 అడుగుల ఎత్తు. గాలి అంత పల్చనైతే ఇంజిన్ శక్తి తగ్గుతుంది, చక్రాలు ఎక్కువ వేగంతో నేలను తాకుతాయి, బ్రేకుల మీద భారం పెరుగుతుంది. నేను దళం వదిలాక, 2023 ఏప్రిల్‌లో ఒక సీ-130జే సూడాన్‌లోని వాదీ సయ్యద్నాలో చీకట్లో దిగింది. రన్‌వేకి దీపాల్లేవు, ఇంధనం లేదు. అక్కడి పోరులో చిక్కుకున్న 121 మందిని ఇంజిన్లు ఆపకుండానే ఎక్కించుకుని వచ్చింది. పేపర్లు పైలట్లను పొగిడాయి, పొగడాలి కూడా. నేను మాత్రం ఇంట్లో కూర్చుని, ఆ ఇంజిన్ల పుస్తకం మీద ఆ సాయంత్రం ఎవరు సంతకం పెట్టారో అనుకున్నాను. వాళ్ళకి ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు.

మీలో కొందరు ఆదిబట్ల వెళ్తున్నారని విన్నాను. అక్కడి టాటా–లాక్‌హీడ్ మార్టిన్ కర్మాగారంలో ఆ విమానం తోక భాగాలే తయారవుతాయి. రివెట్ సరిగ్గా పడకపోతే పడలేదని రాయండి, సూపర్‌వైజర్ ముఖం చిట్లించినా. సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళేవాళ్ళూ నవ్వకండి. టెస్టు నడపకుండానే 'పాస్' అని పెట్టేది మీ వాళ్ళేనని మా అబ్బాయి చెప్పాడు. వాడూ మీవాడే.

ఇక ఎక్కువసేపు నిలబెట్టను. పట్టాలు ఇచ్చే బల్ల దగ్గర, తీసుకున్నట్టు రిజిస్టర్‌లో సంతకం పెట్టమంటారు. వెనక వరస తోస్తూనే ఉంటుంది. అయినా కవరు విప్పండి. మీ పేరు, నాన్నగారి పేరు, హాల్ టికెట్ నంబరు అక్షరం అక్షరం సరిచూసుకుని అప్పుడు పెట్టండి. తప్పుంటే ఇవాళే చెప్పండి. రిజిస్ట్రార్ గారు ఇక్కడే ఉన్నారు, రేపు ఆయన దొరకరు.