విండోస్ మార్చాక ఫొటోలు తెరుచుకోవట్లేదా?

మా నందికొట్కూరులో స్టూడియో నడిపే ఒకన్న విండోస్ కొత్తగా వేయించుకున్నాడు. పెళ్లి ఫొటోల ఫోల్డర్ కనిపిస్తోంది గానీ, ఫొటో తెరిస్తే 'యాక్సెస్ డినైడ్'. ఐకాన్ మీద చిన్న తాళం! అది ఈఎఫ్‌ఎస్ ఎన్‌క్రిప్షన్, విండోస్ 2000 నుంచీ ఉంది. అదే యూజర్ పేరు, అదే పాస్‌వర్డ్ మళ్లీ పెట్టినా తెరుచుకోదు. తాళంచెవి పాత ప్రొఫైల్‌లోనే ఉండిపోయింది.

సర్టిఫికెట్ బ్యాకప్, అదే పీఎఫ్‌ఎక్స్ ఫైల్ ఉంటే ఇంపోర్ట్ చేస్తే చాలు. లేదా? ముందు ఆ డిస్క్ వాడటం ఆపండి. 'విండోస్ డాట్ ఓల్డ్'లో పాత యూజర్ ఫోల్డర్ వెతకండి. క్రిప్టో, ప్రొటెక్ట్ ఫోల్డర్లు దొరికి, పాత పాస్‌వర్డ్ కూడా గుర్తుంటే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఛాన్స్ ఉంది. ఈ అన్నకి దొరికాయి, బతికిపోయాడు. అవేవీ లేకుండానే గ్యారంటీగా తెస్తామనేవాళ్లకి రూపాయి కూడా ఇవ్వకండి బ్రో.

మీ ఫైల్స్ ఇంకా తెరుచుకుంటున్నాయా? స్టార్ట్‌లో 'మేనేజ్ ఫైల్ ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్స్' అని కొట్టి, ఈ రోజే పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసుకోండి.