నవజాత నక్షత్రాల చెంత కర్బన అణువులు
(విజ్ఞాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నక్షత్రం జన్మించినప్పుడు మిగిలిన వాయువు, ధూళి దాని చుట్టూ పళ్లెం వలె పరచుకొని పరిభ్రమిస్తాయి. గ్రహాలు, తోకచుక్కలు రూపొందేది ఆ పళ్లెంలోనే. సుమారు 460 కోట్ల సంవత్సరాల క్రితం సూర్యుని చుట్టూ ఉన్న అటువంటి పళ్లెం నుండియే మన భూమి కూడా ఏర్పడినది.

ఆ పళ్లేలలో ఏ అణువులున్నవో ఇంత దూరం నుండి తెలుసుకొనుట ఎట్లు? వాయువులోని అణువు గిరగిర తిరుగుతూ ఉంటుంది. ఆ భ్రమణం ఒక మెట్టు తగ్గినప్పుడు నిర్దిష్టమైన తరంగదైర్ఘ్యంగల రేడియో తరంగం వెలువడుతుంది. తెర వెనుక మ్రోగేది వీణయో వేణువో నాదాన్ని బట్టి చెప్పగలిగినట్లే, ఈ తరంగాల వరుసను ప్రయోగశాలలో కొలిచిన వాటితో పోల్చి శాస్త్రజ్ఞులు అణువును గుర్తిస్తారు.

గాలిలోని తేమ ఈ తరంగాలను హరించివేస్తుంది. అందుకే చిలీ దేశంలోని అటకామా ఎడారిలో, 5,000 మీటర్ల ఎత్తున, 66 ఆంటెన్నాలతో ఆల్మా వేధశాలను నెలకొల్పినారు. దాని సాయంతో 2015లో కరిన్ ఓబెర్గ్ బృందం ఎం.డబ్ల్యు.సి. 480 అనే నక్షత్రం చెంత మిథైల్ సయనైడును కనుగొన్నది. అక్కడి పాళ్లు మన తోకచుక్కలలోని పాళ్లను పోలి ఉండడం విశేషం. 2016లో టి.డబ్ల్యు. హైడ్రే అనే నక్షత్రం చెంత మిథనాల్ కనబడినది.

అయితే ఒక చిక్కు ఉన్నది. ఈ పళ్లేలలో కర్బన అణువులు చాలవరకు ధూళి రేణువులపై మంచుగా గడ్డకట్టి ఉంటాయి. గడ్డకట్టిన అణువు స్వేచ్ఛగా తిరుగలేదు. దాని నాదం వినబడదు. వి 883 ఓరియనిస్ అనే నక్షత్రం ఒక్కసారిగా ప్రజ్వరిల్లి, తన చుట్టూ ఉన్న మంచును ఆవిరిగా మార్చినది. ఆ ఆవిరిలో మిథనాల్, అసిటోన్, అసిటాల్డిహైడ్ మొదలగు ఐదు అణువులను కొరియా శాస్త్రవేత్త జియోంగ్-ఉన్ లీ బృందం 2019లో ప్రకటించినది. మన పాఠశాల ప్రయోగశాలల సీసాలలో ఉండే అసిటోనే అక్కడా ఉన్నది!

విద్యార్థులారా, ఇంతమాత్రాన జీవం దొరికినదని భ్రమపడరాదు. కర్బన పదార్థాలు ప్రాణులలోనే పుడతాయని పూర్వం నమ్మేవారు. 1828లో వోలర్ ప్రయోగశాలలో యూరియాను తయారుచేసి ఆ నమ్మకాన్ని సడలించినాడు. ఇసుక, సున్నం చేరినంత మాత్రాన ఇల్లు లేచినట్లు కాదు. కాని ఇంటికి కావలసిన సామగ్రి మన సూర్యుని ముంగిట మాత్రమే కాక, ఇతర నక్షత్రాల ముంగిట కూడా ఉన్నదని నేడు తెలిసినది. తెలిసినంత ధైర్యంగా చెప్పడం, తెలియనిచోట ఆగడం, ఈ రెండూ కలిసినదే విజ్ఞానం. ఈ పాఠశాల నుండి మీరు వెంట తీసుకొని వెళ్లవలసినది కూడా అదే.