తలక్రిందుల వృక్షము
సంఘ వార్షికోత్సవ సభలో, సూరత్ నగరమున, చేసిన ప్రసంగ పాఠము



ఈ వేదికపై సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగించుట మన సంఘమున ఆచారము. నేను మాత్రము కంప్యూటరులోని ఫోల్డర్లను గూర్చి చెప్ప నిలిచితిని. ఇది కార్యాలయపు బల్లపైననే వదలి రావలసిన ముచ్చట గదా యని మీకు తోచవచ్చును. కాని ఈ ముచ్చట సగమే తెలిసియుండుటచేత, మన సంఘపు ఆస్తిలో అమూల్యమైన దొకటి నా చేతితో నేనే పోగొట్టబోయితిని. అందుచేత దానిని మీకు నివేదించుట నా విధి.

2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి విడిచిన నీటితో తాపీ నది పొంగి, ఈ నగరమున అధిక భాగము మునిగిన సంగతి మీలో పెక్కురకు స్వానుభవమే. మన సంఘపు కాగితములు కొన్ని ఆ నీటిలో నాని పోయినవి. మిగిలినవానిని స్కాను చేయించి కంప్యూటరులో దాచితిమి. కార్యదర్శులు మారినకొలదిని ఫోల్డరులో ఫోల్డరు పుట్టినది. ఒకరు సంవత్సరమును బట్టియు, ఒకరు పండుగను బట్టియు, మరియొకరు తమకు తోచిన పేరును బట్టియు సర్దిరి. బదిలీలు మన కొలువునకు సహజములు. సర్దినవారు వెళ్లిపోగా, ఏది యెచ్చట నున్నదో చెప్పువారు లేకపోయిరి.

మౌసుతో ఒక్కొక్క ఫోల్డరును తెరచి చూచుట, పెద్ద లోగిలిలో చిన్న దీపము పట్టుకొని గదిగదికి తిరుగుటవంటిది. ఒక గది చూచునప్పటికి వెనుకటి గది మరచిపోవుదుము. ఇంటి పటమంతయు ఒక్కసారి కన్నులయెదుట నిలుపు ఉపాయము వేరొకటి కలదు. అదియే కమాండ్ లైను. అనగా బొమ్మలను నొక్కుటకు బదులు ఆజ్ఞను అక్షరములతో వ్రాసి యిచ్చు చోటు. అందు 'ట్రీ' అను నొక్క మాట వ్రాసినచో, మనమున్న ఫోల్డరు మొదలు లోపలి ఫోల్డర్లన్నియు కొమ్మలవలె గీతలతో తెరపై దిగివచ్చును. ఈ వృక్షమునకు వేరు పైన, కొమ్మలు క్రింద. గీత పదునైదవ అధ్యాయమున వర్ణింపబడిన అశ్వత్థమును ఎరిగిన మనకు ఇది వింతగా తోపదు.

ఈ అమరిక నిన్న మొన్న పుట్టినది కాదు. మల్టిక్స్ అను వ్యవస్థకై డేలీ, న్యూమన్ అను నిద్దరు 1965లో ప్రకటించిన వ్యాసమున ఫైళ్లను వృక్షరూపమున అమర్చు పద్ధతి వివరింపబడినది. 1969లో బెల్ ప్రయోగశాలలో ఆరంభమైన యూనిక్సు దానిని లోకమున వ్యాపింపజేసెను. 1981లో వెలువడిన తొలి ఎం.ఎస్. డాసులో ఫోల్డరులో ఫోల్డరు పెట్టు వీలే లేదు. 1983లో వచ్చిన రెండవ కూర్పుతో అది కలిగెను.

ఇక నా కథ. గత సంవత్సరము డిస్కులో చోటు చాలక, అక్కరలేనివానిని తీసివేయ బూనితిని. క్రొత్తగా నేర్చిన విద్యపై గర్వముతో ట్రీ అని కొట్టితిని. పేర్ల వరుసలో ఒక మూల 'ఓల్డ్' అను ఫోల్డరు కనబడెను. దానిలోనికి పోయి మరల ట్రీ అంటిని. ఉపఫోల్డర్లు ఏవియు లేవని యంత్రము ఆంగ్లమున బదులు చెప్పెను. 'ఇది ఖాళీది, తీసివేయుదును' అంటిని. ప్రక్కనున్న యువ సభ్యుడు నా చేయి పట్టుకొనెను.

"బాబాయిగారూ, లోపల గదులు లేవని చెప్పింది గాని, సామాను లేదని చెప్పలేదు. చివర స్లాష్ పెట్టి ఎఫ్ అని కొట్టి చూడండి."

కొట్టితిని. ముప్పదినాలుగు ఫైళ్లు బారులు తీరెను. లింబాయత్, ఉధనా ప్రాంతములలో మరమగ్గములపై జీవించు మన నేత కుటుంబముల వృద్ధస్త్రీలు పాడగా మన సభ్యులు కొన్నేండ్ల క్రిందట రికార్డు చేసిన బతుకమ్మ పాటలు అవి. పాడినవారిలో కొందరు నేడు లేరు. వారి కంఠములు మరల దొరకునవి కావు.

కావున సోదరులారా, వట్టి ట్రీ ఫోల్డర్లను మాత్రమే చూపును. ట్రీ /ఎఫ్ అన్నచో ఫైళ్లను గూడ చూపును. తక్కిన పని సులభము. విండోసులో ఫోల్డరు తెరచి, పైనున్న చిరునామా పట్టీలో సి, ఎం, డి అను మూడు ఆంగ్లాక్షరములు కొట్టి ఎంటరు నొక్కినచో, ఆ ఫోల్డరుననే కమాండ్ లైను తెరచుకొనును. ట్రీ /ఎఫ్ /ఎ అని వ్రాసి, పిదప > గుర్తు నుంచి ఒక ఫైలు పేరిచ్చినచో, పట్టిక తెరపైకి రాక ఆ ఫైలులో చేరును. /ఎ అనునది గీతలను సాధారణ చిహ్నములతో గీయించును గనుక అచ్చు చెడదు. తెలుగు పేర్లున్నచోట ప్రశ్నార్థకములు పడవచ్చును. అంతమాత్రమున ఫైలు పోయినదని భయపడరాదు, పట్టిక వ్రాయుటలోనే లోపము. లినక్సు వాడువారికి ట్రీ స్వయముగా ఫైళ్లను గూడ చూపి, తుదను వాని లెక్క చెప్పును. అందు చుక్కతో మొదలగు పేర్లు దాగియుండును; వానిని చూపుటకు హైఫను, చిన్న ఎ చేర్చవలెను. ట్రీ లేని యంత్రమున ఎల్ఎస్ హైఫను పెద్ద ఆర్ అన్నచో, గీతలు లేకున్నను పట్టిక వచ్చును.

మనము చార్జి అప్పగించునపుడు కుర్చీలను, బల్లలను, బీరువా తాళములను లెక్కపెట్టి సంతకము చేయుదుము. సంఘపు జ్ఞాపకములను మాత్రము లెక్క లేకయే అప్పగించుచున్నాము. ఇకనుండి కార్యదర్శి మారునపుడెల్ల ఈ పట్టికను అచ్చు తీసి, తేదీ వేసి, ఇరువురును సంతకము చేయవలెననియు, పట్టిక చూడక యేదియు తీసివేయరాదనియు నా మనవి. పట్టిక సొమ్ము కాదు, సొమ్మునకు లెక్క మాత్రమే. కావున ఆ ఫైళ్ల ప్రతి మరియొక డిస్కున, వరద నీరందని మేడపై, ఉండవలెను.

నది మన కాగితములను కొంపోయినప్పుడు అది దైవికమని ఊరడిల్లితిమి. మన చేతితో మనమే తుడిచివేసినదానికి ఆ ఊరట యుండదు.