మల్లి ఇంటికి వచ్చిన పల్లకీ

(గోదావరిఖనిలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వారసత్వ ఉద్యోగాల గురించి మాట్లాడమని పిలిస్తే ఈమె పాత సినిమా ఎత్తుకుందేమిటని అనుకోకండి. 1951లో బి.ఎన్.రెడ్డి తీసిన 'మల్లీశ్వరి' మీలో చాలామంది చూసే ఉంటారు. సత్రంలో మల్లి ఆటపాటలు చూసి, మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు మెచ్చుకుంటాడు. ఆయనెవరో తెలియని నాగరాజు, మా మల్లికి పల్లకీ పంపించమని హాస్యానికి అంటాడు. అతను సంపాదన కోసం ఊరు విడిచి వెళ్లాక ఆ పల్లకీ నిజంగానే వచ్చేస్తుంది. అడిగింది నాగరాజు, పంపింది రాజు, సంబరపడింది తల్లి. మల్లిని మాత్రం ఎవరూ అడగలేదు. పేదింటి పిల్ల రాణివాసం చేరింది, చేరాక గడప దాటే హక్కు పోయింది.

సినిమా చూసినవాళ్లంతా ఆ తల్లి నాగమ్మ డబ్బాశను తిడతారు. చిన్నప్పుడు నేనూ తిట్టాను. ఇప్పుడు తిట్టలేను. కూతురి బతుకు బాగుపడడానికి పెళ్లి, లేదంటే పెద్దల దయ తప్ప మూడో దారి ఆమెకు ఎవరు చూపించారు?

ఈ ప్రాంతానికి పల్లకీ అంటే సింగరేణి ఉద్యోగమే. క్వార్టరైనా, ఆస్పత్రి వైద్యమైనా చాలామంది ఆడవాళ్లకు తండ్రి పేరు మీదో భర్త పేరు మీదో అందినవే. ఆరో జాతీయ బొగ్గు వేతన ఒప్పందం తీసి చూడండి. కార్మికుడు సర్వీసులో ఉండగా చనిపోతే ఉద్యోగం అడగగలిగినవాళ్లు భార్య, కొడుకు, 'పెళ్లికాని' కూతురు. వాళ్లెవరూ లేకపోతే ఆ ఇంట్లోనే ఉంటున్న అల్లుడినీ పరిశీలించవచ్చునట. పెళ్లయి, భర్త బతికున్న కూతురు మాత్రం జాబితాలో ఎక్కడా లేదు! అల్లుడు ఎవరి వల్ల అల్లుడయ్యాడమ్మా? పెళ్లయిందని కూతురిని పక్కన పెట్టడం చెల్లదని 2016లో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు అన్నది.

ఇక గనిలోకి దిగే సంగతి. మల్లీశ్వరి వచ్చిన మరుసటి ఏడాది, 1952 గనుల చట్టంలోని 46వ సెక్షన్ భూగర్భంలో స్త్రీలు పనిచేయడాన్ని నిషేధించింది. 2019లో కేంద్రం సడలించింది. సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజిమెంటు పనులకే, ఉదయం 6 నుంచి సాయంత్రం 7 దాకా, అదీ స్త్రీ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే. ఒప్పుకోలు అడగడం మంచిదే, మల్లికి ఆ మాత్రం కూడా దక్కలేదు. కానీ మైనింగు చదువు చదివించగల ఇళ్లు మన బస్తీల్లో ఎన్ని?

చివర రాయలవారు దయతలచి మల్లినీ నాగరాజునూ వదిలేస్తారు. హాలులో అందరం ఊపిరి పీల్చుకుంటాం. రాణివాసం నియమం రద్దయిందా అని మాత్రం ఎవరమూ అడగం.

దరఖాస్తు తిరిగివచ్చిన కాగితాలు ఎవరి దగ్గరున్నా, భోజనాలయ్యాక తీసుకుని రండి. ఏ క్లాజు చూపించి కాదన్నారో ముందు కలిసి చదువుదాం.