విడిభాగముల బీరువా – దాని కర్బనపు లెక్క
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



రజతోత్సవ నిధిలో కొంత సొమ్ము బీరువాల కొరకు కేటాయింపబడినది. పాత టేకు బీరువాలను తీసివేసి, పలకలుగా పెట్టెలో వచ్చి మనమే మరలు బిగించుకొను సామాను తెప్పింతమని కొందరును, అది పర్యావరణమునకు చెరుపని కొందరును వాదించుచున్నారు. ఇందు నిజమెంతయో చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి.

విడదీసి పంపి, చేరినచోట కూర్చుకొను పద్ధతి నిన్న మొన్నటిది కాదు. మన పట్టెమంచమునకు కోళ్ళు, పట్టెలు ఊడదీసి బండిపై వేసికొని పోవుట పెద్దలెరిగినదే. దీనినొక వ్యాపారముగా సాగించినవారిలో ముందు చెప్పదగినవాడు వియన్నాకు చెందిన మిఖాయేల్ థోనెట్. 1859 నాటి ఆయన 14వ నంబరు కుర్చీకి 6 కొయ్యభాగములు, 10 మరలు, 2 నట్టులు మాత్రమే. విడదీసిన 36 కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో ఇమిడెడివి. పిమ్మట స్వీడనులో 1943లో ఇంగ్వార్ కాంప్రాడ్ స్థాపించిన ఐకియా సంస్థ 1956 ప్రాంతమున బల్లకాళ్ళు విడదీసి చదునుపెట్టెలలో అమ్మసాగెను. 1979లో వచ్చిన వారి ‘బిల్లీ’ పుస్తకముల అరయే. ఆ సంస్థ మనదేశమున తొలి దుకాణమును 2018 ఆగస్టులో హైదరాబాదున తెరచినది.

కర్బన పాదముద్ర యనగా, వస్తువు పుట్టినది మొదలు పారవేయబడు వరకు దాని మూలమున గాలిలో చేరు బొగ్గుపులుసు వాయువు మొదలగువాని లెక్క. కూర్చిన బీరువాను లారీకెక్కించిన, మనము మోయించునది చాలవరకు గాలియే. చదునుపెట్టెకు ఆ వ్యర్థము లేదు. ఈ మెప్పు న్యాయమే. కాని రవాణా ఈ లెక్కలో పెద్దపద్దు కాదు. పెద్దపద్దు ముడిపదార్థములది.

ఈ పలకలు సాధారణముగా నిండుకొయ్య కావు. చెక్కపేళ్ళను, రంపపుపొట్టును ఎండబెట్టి, జిగురు కలిపి, వేడిమిలో అదిమి చేయుదురు. పనికిరాని తుక్కు పనికివచ్చుట మంచిదే. అయితే ఆ జిగురు తరచుగా యూరియా, ఫార్మాల్డిహైడుల కలయిక; బరువులో సుమారు నూటికి 10 పాళ్ళు. ఆ యూరియా మనము వరిచేలో చల్లునదే. అది సహజవాయువు నుండియో బొగ్గు నుండియో పుట్టును. కనుక ఇచ్చట దోషము చెట్టుది కాదు. జిగురుది, ఎండబెట్టి అదుముటకు కావలసిన వేడిమిది.

చెట్టు పక్షమున మరియొక లెక్క కలదు. ఎండిన కొయ్య బరువులో సగము కర్బనము. 40 కిలోల అరలో జిగురు, తేమ పోగా 34 కిలోల కొయ్య యున్నదనుకొందము. అందు కర్బనము 17 కిలోలు. అనగా గాలినుండి చెట్టు తీసికొన్న బొగ్గుపులుసు వాయువు సుమారు 62 కిలోలు. అర నిలిచినన్నాళ్ళు అది అందు బందీయై యుండును. పొయ్యిలో పెట్టిననాడు తిరిగి గాలిలో కలియును. ఆ కొయ్యనిచ్చిన చెట్టు మరల పెరుగుటకు పట్టు కాలముకన్న అర ఎక్కువకాలము బ్రదికిన లాభము. ముందే చెడిన నష్టము.

కావున అసలు ప్రశ్న ఆయుర్దాయము. పొట్టుపలకకు నీరు తగిలిన ఉబ్బును. మర ఒకసారి ఊడదీసి బిగించిన మునుపటి పట్టుండదు. మీటరు పొడవున పేర్చిన పుస్తకములు 30 కిలోలకు అటునిటుగా తూగును. కొన్నేండ్లకు పలక నడుమ క్రుంగును. 25 ఏండ్లలో ఐదుమార్లు కొనవలసివచ్చిన అర, ఎంత తేలికగా తయారైనను, ఐదింతల లెక్కకు వచ్చును. టేకు గొప్పదని నేననుట లేదు. దానికొరకు అడవి కొట్టించుటకంటె పొట్టుపలకయే మేలు. కాని మన బీరువాలకు కావలసిన చెట్లు ఏనాడో నరుకబడినవి, ఆ ఖర్చు జరిగిపోయినది.

నేను బీరువాలను పరీక్షించితిని. నాలుగింటిలో రెండింటికి అడుగుపలక మామిడిచెక్కదగుటచే చెదపట్టినది. తక్కినదంతయు గట్టిగనే యున్నది. అడుగుపలకలు మార్పించి, బందులు బిగింపించిన చాలును. క్రొత్తగా కావలసినది బాలల విభాగమునకు ఒక్క అర. దానికి మరల సామానే తెప్పింపుడు. తేమలేని గోడకు బిగింపుడు, నేల కడుగునపుడు నీళ్ళు తగులనీయకుడు, భారత సంపుటములను మాత్రము దానిపై పెట్టకుడు.