దానం వండే చేతులు

ఇంధన కొరత ధర్మాచరణను ఎలా తాకుతుందో తెలియాలంటే శ్రీలంక వంటిళ్ళలోకి తొంగి చూడాలి. 2022 మార్చి చివర్లో అక్కడ రోజుకు 13 గంటల కరెంటు కోత. గ్యాసు బండ కోసం రోజుల తరబడి క్యూలు.

థేరవాద నియమం ప్రకారం భిక్షువులు వండుకోరాదు, మధ్యాహ్నం దాటాక తినరాదు. గృహస్థులిచ్చే దానమే భోజనం. దాన్ని వండేది ఎక్కువగా స్త్రీలే. గ్యాసు లేకపోయినా గడువు మారదు. కట్టెలు ఏరడం, పొగలో పొయ్యి ఊదడం ఆమె వంతు. పుణ్యం మాత్రం ఇంటిల్లిపాదిదీ!

దీన్ని భక్తి అని సరిపెట్టుకుందామా? నేను శ్రమ అంటాను. దొరికిందానితో తృప్తిపడడం బౌద్ధం చెప్పిన విలువే. అలాంటప్పుడు ఒక్క కూర చాలని విహారాలు చెప్పవచ్చు. మగవాళ్ళూ పొయ్యి ముందు కూర్చోవచ్చు. కొరతను అందరూ పంచుకున్నప్పుడే అది ధర్మం.